పేరు చెప్పకుండా చూపించే బొమ్మ

డిగ్రీ పిల్లలకు నైరూప్య చిత్రం పాఠం ఉన్న రోజున నేను ముందు బొమ్మ చూపించను. గోడ మీద నాలుగు వైపులా 127 సెంటీమీటర్లు ఉండేలా కొలిచి, సుద్దతో చదరం గీయిస్తాను. ఒకరి తర్వాత ఒకరు దాని ముందు చేతులు చాచి నిలబడతారు. ఆ తర్వాతే ప్రొజెక్టర్ వేస్తాను. తెర మీద బొమ్మను ఎంతకైనా పెంచొచ్చు, తగ్గించొచ్చు. అసలు కాన్వాసు ఎంతుందో మాత్రం ముందు ఒంటికి తెలియాలి.

బొమ్మ పేరు చెప్పను, వేసినవారి పేరూ చెప్పను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మొదటి రెండు నిమిషాల్లోనే అందరికీ చూడటం అయిపోతుంది, చేతులు ఫోన్ల వైపు వెళ్తాయి. మిగతా ఎనిమిది నిమిషాల కోసమే ఈ క్లాసు.

"పసుపు గీతలు మేడమ్" అంటారొకరు. "ఊరిని పైనుంచి చూసినట్టుంది" అంటుంది ఇంకో అమ్మాయి. బాగుందని ఊరుకోను. "ఏది చూసి అలా అనిపించిందమ్మా?" అని అడుగుతాను. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో విద్యా విభాగం నడిపిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ శాస్త్రవేత్త అబిగైల్ హౌసెన్ కలిసి రూపొందించిన పద్ధతికి ఈ ప్రశ్నే ప్రాణం. ఆ అమ్మాయి తెర దగ్గరికి వెళ్లి అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసే చోట్లు చూపిస్తుంది. అక్కడ చాలాచోట్ల రంగు మారుతోంది. ఇంతలో వెనక బెంచీ నుంచి "అసలవి గీతలు కావు మేడమ్, ముక్కలు" అన్న మాట వస్తుంది. నిజమే. పసుపు మధ్యలో ఎరుపు, నీలం, బూడిదరంగు ముక్కలు. వాటి మధ్య ఎడమూ ఒకేలా లేదు. ఏటవాలు గీత ఒక్కటీ లేదు. నలుపు ఎక్కడా లేదు.

నలుపు లేదన్న మాట ఎవరో ఒకరు అనేదాకా ఎదురుచూస్తాను. అనగానే 1930 నాటి ఇంకో బొమ్మ పక్కన వేస్తాను. పెద్ద ఎర్ర చదరం, ఓ మూల నీలం, ఇంకో మూల కాస్త పసుపు, వాటిని విడదీస్తూ దట్టమైన నల్ల గీతలు. రెండూ ఒక్కరే వేశారంటే పిల్లలు నమ్మలేరు. ఆ నల్ల గీతలు ఏమయ్యాయి?

చరిత్ర చెప్పడానికి అదే సమయం. పీట్ మోండ్రియాన్ 1872లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. యుద్ధం ముంచుకొస్తుంటే 1938లో పారిస్ వదిలి లండన్‌కు, 1940లో న్యూయార్క్‌కు చేరారు. అక్కడ బూగీ వూగీ పియానో ఆయన మనసు దోచుకుంది. ఎడమచెయ్యి ఒకే లయను పట్టుకుని తిప్పుతుంటే, కుడిచెయ్యి దాని మీద ఇష్టమొచ్చినట్టు ఆడుకునే సంగీతమది. 1942-43లో వేసిన ఈ బొమ్మ పేరు ‘బ్రాడ్‌వే బూగీ వూగీ’. ఈ పేరు ముందే చెప్పి ఉంటే అందరూ న్యూయార్క్ వీధులనేసి పుస్తకం మూసేవారు. ఊరిని పైనుంచి చూసినట్టుందన్న అమ్మాయి ఆ మాటను కాన్వాసు మీది నుంచే తెచ్చుకుంది. పియానో రికార్డు పెట్టేది కూడా అప్పుడే.

"మోడర్న్ ఆర్ట్‌లో ఎవరికి ఏమనిపిస్తే అదే అర్థం" అనే మాట ప్రదర్శనల్లో తరచూ వింటుంటాను. నేను ఒప్పుకోను. ఉదారంగా వినిపిస్తుంది గానీ, పిల్లల్ని బొమ్మ ముందు ఒంటరిగా వదిలేసే మాట అది. ప్రతిపదార్థం చెప్పకుండా పద్యానికి తాత్పర్యం చెప్పేసినట్టుంటుంది. బొమ్మలో దిగులు ఉందని ఒకరంటే, ఏ రంగులో, ఏ మూల ఉందో చూపించమంటాను. చూపలేకపోతే తప్పనను, ఇంకాసేపు చూద్దామంటాను. చాలాసార్లు ఆ ఇంకాసేపట్లో జవాబు మారిపోతుంది.

చివర్లో ‘విక్టరీ బూగీ వూగీ’ చూపిస్తాను. 1944 ఫిబ్రవరిలో మోండ్రియాన్ పోయేనాటికి అది పూర్తి కాలేదు. అంటించి చూసుకున్న రంగు టేపు ముక్కలు, కాగితం ముక్కలు ఆ కాన్వాసు మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడది ది హేగ్ నగరంలోని మ్యూజియంలో ఉంది. వాటిలో ఒక ముక్కను మీరైతే ఎక్కడికి జరుపుతారు, జరిపితే పక్కవాటికి ఏమవుతుంది? వచ్చే క్లాసుకు రంగు కాగితాలు, కత్తెర తెచ్చుకోమని చెప్తాను.