తంత్రి తిరిగివచ్చు దారి

విద్యుద్గిటారు తోకభాగమున బిగించిన వైబ్రేటో, అనగా స్వరమును కంపింపజేయు పిడి గల యంత్రము, శ్రుతి నిలుపుటలేదని విసిగి, దానిని సమూలముగా పెరికివేసి వెలహెచ్చిన మరియొకదానిని తెచ్చుకొనువారిని చూచినపుడెల్ల నాకు మనస్తాపము కలుగుచుండును. దోషము తరచుగా ఆ యంత్రమునందు గాక తంత్రి నడచు మార్గమునందుండును. ఆ మార్గమును చక్కబరుచుటకు వలయు సామగ్రియో, స్వల్పమూల్యమునకే లభించును.

ద్వితీయ ప్రపంచ యుద్ధానంతరమున కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణమున పాల్ బిగ్స్‌బీ యను లోహకర్మకుశలుడు, మోటారుసైకిళ్ళ పనియందు చేయితిరిగినవాడు, మెర్ల్ ట్రావిస్ యను గిటారు విద్వాంసుని వైబ్రోలా యను పాత వైబ్రేటోను బాగుచేయబూని, తుదకు తానే యొక నూతన విధానమును, నేడు బిగ్స్‌బీ వైబ్రేటో యనబడుదానిని, కల్పించెను. అల్యూమినియపు పోతయందు అడ్డముగా తిరుగు ఇరుసు, దానికి తగిలించిన తంత్రుల కొనలు, దానిని త్రిప్పు పొడవైన పిడి, ఆ పిడిక్రింద తంత్రుల బిగువునంతయు సరితూచు ఒకే ఒక స్ప్రింగు: ఇంతియే ఆ నిర్మాణము. పిడిని నొక్కిన స్వరము దిగును, ఎత్తిన ఎక్కును. వీణపై తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికించు వైణికుడు ఆ మెట్టు స్వరమునకు దిగువకు పోజాలడు; ఈ పిడి పోగలదు; నాకది ప్రియమగుటకు అదియే హేతువు. ఆ వ్యాపారము 1966లో టెడ్ మెకార్టీ యనువానికిని, 1999లో గ్రెట్ష్ సంస్థకును చేరినను మౌలిక నిర్మాణము మారలేదు గనుక, ప్రాతవానికిని క్రొత్తవానికిని నేను చెప్పబోవు సవరణలు సమానముగనే చెల్లును.

మొదట మార్చదగినది స్ప్రింగు. బిరుసు స్ప్రింగునకు బదులు మెత్తని దానిని అమర్చినచో పిడి అరచేతికి లొంగి, మిక్కిలి సన్నని కంపనమును సైతము పలుకును. దాని క్రింద నైలాను వాషరు నొకదానిని ఉంచిన లోహము లోహమును రాయు కిరకిర అణగును. పొట్టి స్ప్రింగు పిడిని గిటారు ఒడలికి దగ్గరగా దించును గనుక, పొడవు కొలిచియే కొనవలెను.

అయినను స్ప్రింగు చేతికి సుఖమిచ్చునే కాని శ్రుతిని కాపాడదు. శ్రుతిని చెఱచునది ఘర్షణము. అది ఎచ్చట దాగియున్నదో తంత్రియే చెప్పును. పిడిని నొక్కి విడిచిన పిమ్మట స్వరము మునుపటికంటె హెచ్చుగా నిలిచినచో తంత్రి మెడ కొనయందలి నట్ గాడిలో చిక్కుకొన్నదనియు, తగ్గి నిలిచినచో ఒడలిపై తంత్రిని మోయు బ్రిడ్జి మీద పట్టుకొన్నదనియు ఎఱుగవలెను. ఏలయన, సడలినపుడు నట్‌ను దాటి తలపై తంత్రిని బిగించు ట్యూనరు వైపునకు జారిన తంత్రి వెనుకకు రాలేకపోవుటచే మ్రోగు భాగమున బిగువు హెచ్చియుండును, బ్రిడ్జి యొద్దనో దీనికి విపరీతము జరుగును. ఈ పరీక్ష చేయకయే భాగములు కొనుట వ్యర్థవ్యయము. మూడేసి ట్యూనర్లు ఇరుప్రక్కల నుండు తలలపై మూడవ, నాల్గవ తంత్రులు నట్ దాటగానే ప్రక్కకు వంగును గనుక అవియే ముందుగా మొరాయించును. గాడులలో పెన్సిలు పొడి రాచుట తాత్కాలికోపాయము. గ్రాఫైటు కలిపిన కృత్రిమపదార్థపు నట్‌ను తంత్రుల మందమునకు తగినట్లు సాపుచేయించి అమర్చుట నాకు తృప్తినిచ్చిన మార్పులలో ప్రథమము. దోషము బ్రిడ్జిదైనచో తంత్రితోపాటు తిరుగు రోలరు శాడిళ్ళు గల బ్రిడ్జిని వేయవలెను. తంత్రులను క్రిందికి అదుము అడ్డుకడ్డీ గల నమూనాలలో అవి బ్రిడ్జి మీద మరింత వాలుగా వంగి ఒత్తిడిని పెంచును. కావున అచ్చట ఈ మార్పు మరింత ఫలవంతము.

అందఱును ముందుగా కొను, తంత్రిని బిగబట్టు తాళపు ట్యూనర్లను నేను కడపటికి వదలుదును. ట్యూనరు పళ్ళు జారుట అరుదు. సామాన్యముగా చెఱుపు చేయునది దాని స్తంభమునకు ఒకదానిపై నొకటిగా చుట్టిన వదులు తంత్రి. చుట్లు రెండు మూడు మించకుండ, ఒకదాని క్రింద నొకటి పడునట్లు చుట్టి, క్రొత్త తంత్రిని చేతితో పలుమాఱులు సాగదీసి మరల శ్రుతి కూర్చినచో, ఆ ఖర్చు సాధారణముగా అక్కఱయే రాదు.