విలస రాగిరేకులు, రాజమండ్రి మసీదు శాసనము: ఒక విమర్శ

రాజమండ్రి పాత పట్టణములోని జామియా మసీదు ద్వారముపై ఒక పారశీక శాసనమున్నది. హిజ్రీ 724 రమజాను మాసములో, అనగా క్రీ.శ. 1324లో, సాలార్ ఉల్వీ ఈ మసీదును కట్టించినట్లు అది చెబుతున్నది. ఢిల్లీ సైన్యముతో వచ్చిన ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకొన్నది 1323లో. మరుసటి ఏటనే గోదావరి ఒడ్డున ఈ శాసనము వెలిసినది. అంతకుముందు అక్కడ వేణుగోపాలస్వామి ఆలయముండేదని ఊరివారు చెప్పుకొంటారు.

ఓడినవారి పక్షమున మాట్లాడే సాక్ష్యము ఈ డెల్టాలోనే, కోనసీమలో ఉన్నది. ముసునూరి ప్రోలయ నాయకుడు విలస గ్రామమును ఒక బ్రాహ్మణునికి దానమిస్తూ సుమారు 1330లో వేయించిన రాగిరేకులవి. విగ్రహములు పగిలినవి, యజ్ఞములు ఆగినవి, అగ్రహారములు పోయినవి, రైతు పండించినది రైతుకు దక్కలేదు, ఎవరికిని తన సొత్తు తనదనే ధైర్యము లేకపోయినది. ఇదీ దాని విలాపము. చదివిన దైవసేవకునికి విలాపవాక్యముల గ్రంథము గుర్తుకు రాక మానదు. మేమును ఒకప్పుడు దీనిని యెరూషలేము నాశనమునకు ఉదాహరణగా ప్రసంగములో వాడుకొన్నాము. ఇప్పుడైతే అలా వాడము.

శాసనము అబద్ధమని మా వాదన కాదు. కాని అది దానపత్రము, దాత ప్రశస్తి దానికి ప్రాణము. ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించగా లోకమును చీకటి కమ్మినదని కవి వర్ణిస్తాడు. ఆ చీకటి ఎంత చిక్కనైతే ప్రోలయ నాయకుడు అంతగా వెలుగుతాడు. ఆంధ్ర శాసనములలో తురుష్కుల చిత్రణ అన్ని కాలములలోను ఒక్కటి కాదని, యుద్ధములు ముదిరిన రోజులలోనే అది కటువైనదని సింథియా టాల్బాట్ 1995 నాటి వ్యాసములో చూపారు. మసీదు శాసనమునకు మాత్రము వేరే నీతి ఉన్నదా? అది గెలిచినవాని ప్రశస్తి.

సంఘచరిత్ర తరగతులలోను మనము ఇదే పొరపాటు చేస్తున్నాము. అరబ్బులు వచ్చారు, తూర్పు సంఘము అంతరించినది అని ఒక్క వాక్యములో ముగిస్తాము. దానికి ఆధారము సాధారణముగా సొఫ్రోనియస్ వంటివారి మాటలే. యెరూషలేము పాట్రియార్కయిన ఆయన, అరబ్బుల భయము వలన బేత్లెహేమునకు వెళ్లలేకపోతున్నామని 634 క్రిస్మసు ప్రసంగములో దుఃఖించాడు. ఆ దుఃఖము నిజమైనది. అయితే త్రవ్వకములు ఆ తరువాతి కథను కూడ చెబుతున్నవి. గదర పట్టణమునకు దిగువనున్న హమ్మత్ గాదెర్ స్నానశాలలలో 662 నాటి గ్రీకు శాసనము దొరికినది. సువార్తలలోని గదరేనీయుల దేశము మనకు తెలిసినదే. ఖలీఫా ముఆవియా పాలనలో రోగుల స్వస్థతకై ఆ స్నానశాలలను బాగుచేయించినట్లు అందులో ఉన్నది. పని చూచినవాడు గదరవాడైన యోహాను. ఖలీఫా పేరున్న ఆ శాసనము సిలువ గుర్తుతో మొదలవుతున్నది! జోర్డానులోని ఉమ్మ్ అర్-రసాస్‌లో పరిశుద్ధ స్తెఫను ఆలయపు రంగురాళ్ల నేలను పరచినది 8వ శతాబ్దములో, అనగా అరబ్బుల ఏలుబడి స్థిరపడిన తరువాతనే. ఆ నేలలో మనుష్యుల, జంతువుల రూపములను చెరిపినమాట వాస్తవము. కాని పగులగొట్టి పోలేదు, రాతిముక్కలను ఊడదీసి అదే చోట మరల పొదిగారు. ఆ నేలమీద ఆరాధన కొనసాగించవలసినవారే అంత జాగ్రత్త పడతారు.

దీనినిబట్టి ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని అనలేము. దమస్కులోని బాప్తిస్మమిచ్చు యోహాను ఆలయమును 8వ శతాబ్దపు మొదట్లో ఖలీఫా అల్-వలీద్ పడగొట్టించి మసీదు కట్టించాడు. క్రైస్తవులు జిజియా పన్ను కట్టారు. సంఘము క్షీణించినది కూడ నిజమే, కాని అందుకు శతాబ్దములు పట్టినది. దండయాత్ర జరిగిన సంవత్సరమును పట్టుకొని ఆ శతాబ్దములన్నిటినీ చదవడమే మేము తప్పుపడుతున్నాము.

మన డెల్టాకు ఇదే కొలబద్ద పెట్టి చూద్దాము. విలస రేకులు చెప్పిన పగ అలాగే సాగియుంటే, సుల్తాను మనుషులు తొలగిన నాడే మసీదు కూలవలసినది. తరువాత రాజమండ్రిని రెడ్డి రాజులు ఏలారు, గజపతులు ఏలారు. 1324 నాటి శాసనము ఇప్పటికీ ద్వారముపైనే ఉన్నది. రెండు ప్రశస్తులలో ఏదియు చెప్పని ఈ సంగతిని ఆ గోడ చెబుతున్నది. రాజమండ్రిలో చదివే వేదాంత విద్యార్థి దీనిని నడిచివెళ్లి చూడవచ్చును.

విలస శాసనములో మాకు అన్నిటికంటె బరువుగా తోచేది రైతు పంట సంగతి. విగ్రహములు, యజ్ఞములు, అగ్రహారములు దానము పట్టేవానికి కావలసిన విషయములు. పంట పోయిన రైతు వలన ప్రశస్తికి ఒరిగేది తక్కువ, అయినను కవి అతనిని తలచుకొన్నాడు. హమ్మత్ గాదెర్‌లో యోహాను పేరైనా రాతిపై మిగిలినది. మన రైతు పేరు రాతిమీదా లేదు, రాగిమీదా లేదు.