అమ్మమ్మ సాక్ష్యం: గ్రైప్ వాటర్ ప్రకటనలో ఆప్తవాక్య వినియోగం

1. ఉపోద్ఘాతం

వ్యాపార ప్రకటనకు ఆయుష్షు స్వల్పం. శిశువుల అజీర్తికి, కడుపునొప్పికి పట్టే వుడ్‌వర్డ్స్ గ్రైప్ వాటర్ టెలివిజన్ ప్రకటన దీనికి మినహాయింపు. దూరదర్శన్ కాలంనుంచి ప్రేక్షకులకు పరిచితమైన ఆ ప్రకటనలో కథ చాలా చిన్నది. పసిబిడ్డ ఏడుస్తుంది. ఏమైందని ఇంటి పెద్దావిడ అడుగుతుంది. ఏడుపు సంగతి విని, ఆ మందు పట్టమంటుంది. నీ చిన్నతనంలో నీకూ అదే పట్టానని గుర్తు చేస్తుంది. ఆమె వెనుక ఆమె తల్లి, అంతకు ముందుతరం స్త్రీ ఇదే ప్రశ్నను, ఇదే సలహాను వినిపిస్తారు. ఈ ప్రకటనను ఒక పాఠంగా స్వీకరించి, అది శ్రోతను ఒప్పించే తీరును అలంకారశాస్త్ర, న్యాయశాస్త్ర పరిభాషల సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మాతృసమ్మితం

మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యోపదేశాన్ని కాంతాసమ్మితమన్నాడు. వేదం ప్రభువులా శాసిస్తుంది, పురాణం మిత్రునిలా హితం చెబుతుంది, కావ్యం ప్రియురాలిలా అనునయిస్తుంది అన్న విభాగం సాహిత్య విద్యార్థులకు సుపరిచితమే. ఔషధ ప్రకటనలకూ ఈ విభాగాన్ని అన్వయించవచ్చు. తెల్లకోటు వేసుకున్న వైద్యుడు ఆదేశించే ప్రకటన ప్రభుసమ్మితం. పొరుగింటివారు సలహా ఇచ్చే ప్రకటన మిత్రసమ్మితం. గ్రైప్ వాటర్ ప్రకటన ఈ మూడింటిలో దేనిలోనూ ఇమడదు. ఇందులో పలికే గొంతు తల్లిది, తల్లిని కన్న తల్లిది. దీనిని మాతృసమ్మితం అనవచ్చు. వైద్యుని మాటను ప్రశ్నించవచ్చు, మిత్రుని సలహాను పక్కన పెట్టవచ్చు. పురిటింట తల్లి మాటను కాదనడం బాలింతకు సులభం కాదు. మందు గుణాలను ఏకరువు పెట్టకుండానే ఈ ప్రకటన నెగ్గడానికి కారణం ఇదే.

3. ఆప్తత్వానికి రెండు షరతులు

ఆప్తోపదేశం శబ్దప్రమాణమని న్యాయసూత్రం. ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పదలచినవాడు అని వాత్స్యాయన భాష్యం వల్ల గ్రహించవచ్చు. అంటే జ్ఞానం, సదుద్దేశం రెండూ ఉండాలి. ప్రకటనలోని అమ్మమ్మకు రెండవది పుష్కలం. మొదటిదాని విషయంలో పాఠం మౌనం వహిస్తుంది. ఏమైంది అన్న ప్రశ్న చక్కనిదే. అది నిదానానికి తొలిమెట్టు. కాని సమాధానంగా వచ్చిన ఏడుపు అనే ఒక్క మాటకే మందు సిద్ధమవుతుంది. పాలు తాగిందా, విరేచనం ఎలా ఉంది, ఒళ్లు కాలుతోందా, తల్లి ఏమి తిన్నది అన్న ప్రశ్నలు రావు. శిశువు ఏడుపుకు ఆకలి, తడి గుడ్డ, నిద్ర, జ్వరం ఇలా ఎన్ని అర్థాలున్నా ప్రకటన వాటన్నింటినీ ఏకార్థం చేస్తుంది.

ఇంటి సంప్రదాయంలోని అమ్మమ్మ ఇలాంటిది కాదు. ఆమెకు వాము నీరు, అరగదీసిన వసకొమ్ము, బొడ్డు చుట్టూ వేసే ఇంగువ పట్టు తెలుసు. అంతకన్నా ముందు బాలింత పథ్యం తెలుసు. పాలు పట్టాక బిడ్డ పొట్ట నిమురుతూ ‘వాతాపి జీర్ణం’ అనడంలో అగస్త్య కథతో పాటు చేతి స్పర్శ కూడా ఉంది. ఆ చిట్కాలన్నీ నిరపాయమని కాదు. వస వంటివాటిని శిశువులకు వాడవద్దని నేటి వైద్యులు చెబుతారు. అయినా వాటి వెనుక చూసి, తాకి, అడిగి నిర్ణయించే విచక్షణ ఉండేది. ప్రకటన ఆమె గౌరవాన్ని ఉంచుకొని ఆ విచక్షణను తీసివేసింది.

4. కాకతాళీయ న్యాయం

ప్రకటనలోని సాక్ష్యం అబద్ధం కానక్కరలేదు. మందు పట్టారు, బిడ్డ పెరిగి పెద్దదై తల్లి అయింది. ఈ రెండూ నిజమే కావచ్చు. లోపం వాటి మధ్య కల్పించిన కార్యకారణ సంబంధంలో ఉంది. పసిబిడ్డలు కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడ్వడం సుమారు 6 వారాల వయసులో ఎక్కువై, 3 నుంచి 4 నెలలకు చాలామందిలో తనంతట తానే తగ్గుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. తగ్గేది తగ్గుతుంది, కీర్తి సీసాకు దక్కుతుంది. తరం మారినప్పుడల్లా మరొక సాక్షి చేరుతుంది. సాక్షుల సంఖ్య పెరిగినంత మాత్రాన సాక్ష్యం బలపడదని ఈ పరంపరాగత నిర్మాణం మరపింపజేస్తుంది.

5. పరదేశి మందుకు ఇంటిపేరు

ఈ మందు తెలుగు పెరటిలో పుట్టలేదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ 1851లో దీనిని రూపొందించాడు. 1876లో వ్యాపార చిహ్నంగా నమోదైంది. శతపుష్ప గింజల నూనె, వంటసోడా, చక్కెర, నీటితో పాటు తొలి యోగంలో 3.6 శాతం మద్యం ఉండేది. బ్రిటన్‌లో 1990 దశకంలో మద్యం తొలగిపోయింది. పేరు నిలిచినా యోగం మారిందన్నమాట. నీకూ అదే పట్టాను అనడంలోని ‘అదే’ ఎంతవరకు అదే అన్నది ప్రశ్నార్థకం. చిహ్నంలోని పాములను పట్టిన బాలుడు గ్రీకు పురాణంలోని హెర్క్యులీస్. ఆ కథ తెలియని తెలుగు చూపుకు అతనిలో కాళియమర్దనం చేసిన బాలకృష్ణుడు స్ఫురించడం సహజం. వలస పాలన కాలపు సరుకు ఈ విధంగా చిత్రంలో కృష్ణుని నీడను, మాటలో అమ్మమ్మ అండను పొంది స్థానికమైంది.

6. ముగింపు

మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప నీరు కూడా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ సూచన ప్రభుసమ్మితంగా గోడపత్రికలపై ఉండగా, ప్రకటన మాతృసమ్మితంగా వంటింట్లో ఉంది. జ్వరం, పచ్చని వాంతి, విరేచనంలో రక్తం ఉన్న బిడ్డ ఏడుపును కూడా అజీర్తిగానే చదివితే నష్టపోయేది బిడ్డే. అందుచేత ఈ విమర్శ అలంకారిక చర్చతో ముగిసేది కాదు. ఆరోగ్య ప్రచారం అమ్మమ్మను మూఢురాలిగా తోసిపుచ్చితే ఆమె గొంతు సీసాకే మిగులుతుంది. ఆమె ప్రేమకు జ్ఞానాన్ని జోడించి, ఏమైంది అన్న ఆమె ప్రశ్నను చివరిదాకా అడగనిచ్చినప్పుడే ఆమె మాట పూర్ణార్థంలో ఆప్తవాక్యమవుతుంది.