‘ట్యూరింగ్ మెషీన్’ స్వరయంత్రము: ఒక విమర్శ

దీపావళి దినములలో ఉట్నూరు పరిసరముల గోండు గూడెములలో గుసాడీ నాట్యము సాగునపుడు డోలుపై ఒకే వరుస దెబ్బలు ఎంతో సేపు మరల మరల వినవచ్చును. అయినను వినువారికి విసుగు కలుగదు. వరుస మారదు; కాని మనుష్యుని చేయి ప్రతి పర్యాయము ఒకే బలముతో, ఒకే క్షణమున పడదు. గడియారపు టిక్కుటిక్కును అంత సేపు ఎవరు విందురు? ఈ స్వల్పభేదమును విద్యుద్యంత్రమునకు నేర్పవచ్చునా? బ్రిటనుకు చెందిన టామ్ విట్‌వెల్ 2012లో వెలువరించిన ‘ట్యూరింగ్ మెషీన్’ అను ఉపకరణమును ఈ ప్రశ్నతోనే పరిశీలింపవలెను.

ఇది మాడ్యులర్ సింథసైజరులో ఒక భాగము. అట్టి వాద్యమున ఒక్కొక్క పెట్టె ఒక్కొక్క పని చేయును. పెట్టెలను తీగలతో కలుపుదురు. సామాన్యముగా వోల్టేజి 1 వోల్టు పెరిగినచో శ్రుతి ఒక స్థాయి పెరుగును. కనుక వోల్టేజిని యాదృచ్ఛికముగా మార్చినచో స్వరములును యాదృచ్ఛికముగా మారును. అమెరికాలో డాన్ బుక్లా ఇట్టి పెట్టెను పూర్వమే నిర్మించి, దానికి ‘అనిశ్చితికి మూలము’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను.

విట్‌వెల్ యంత్రమున 16 గదుల షిఫ్ట్ రిజిస్టరు గలదు. ఒక్కొక్క గదిలో 0 గాని 1 గాని ఉండును. గడియారపు స్పందన వచ్చినప్పుడెల్ల అన్నియు ఒక గది ముందుకు జరుగును; చివరిది మొదటికి తిరిగి వచ్చును. ఎనిమిది గదుల అంకెలను చదివి, 256 మెట్లలో ఒక వోల్టేజిగా మార్చుదురు. ముందున్న పెద్ద మీట మధ్యనున్నచో, తిరిగి వచ్చు అంకె మారుట, మారకుండుట సమాన సంభావ్యముగా ఉండును. మీటను కుడి చివరకు త్రిప్పినచో అంకెలు మారక, ఒకే వరుస ఆవృత్తమగును. ఎడమ చివర ప్రతి అంకె తప్పక తారుమారగును గనుక ఆవృత్తి 32 అడుగులకు పెరుగును.

మీట మధ్యనున్నపుడు వచ్చునది కేవల యాదృచ్ఛికమని వాడువారు తలచుట కలదు. ఇది సరికాదు. దీనిని పరీక్షించుటకు యంత్రము అక్కరలేదు. ఒక నాణెము, ఒక కాగితము చాలును. ఎనిమిది గళ్లు గీసి 10110010 అని వ్రాయుడు. దీని విలువ 178. అన్నిటిని కుడికి ఒక గడి జరిపి, చివరిది విడిచి, నాణెము ఎగురవేసి, బొమ్మ పడిన 1, బొరుసు పడిన 0 ఎడమ గడిలో వ్రాయుడు. వచ్చు సంఖ్య 217 గాని, 89 గాని కావలెను. 256 విలువలలో రెండింటికే అవకాశము! కారణము స్పష్టమే: ఎనిమిదింటిలో ఏడు అంకెలు పాతవే. 1927లో టిప్పెట్ ప్రకటించిన యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలో ఒక అంకెను చూచి తరువాతిది ఊహింపరాదు. ఆ కొలత ప్రకారము ఈ యంత్రము తప్పినట్లే.

అయితే ఈ దోషమే సంగీతమునకు గుణమైనది. 1970 దశకమున వాస్, క్లార్క్ అను భౌతిక శాస్త్రజ్ఞులు మూడు విధములైన యాదృచ్ఛికతతో స్వరములను కూర్చి శ్రోతలకు వినిపించిరి. ముందు స్వరముతో ఏ సంబంధమును లేని వరుస గందరగోళముగా తోచెను. సంబంధము మిక్కిలి హెచ్చైన వరుస విసుగు పుట్టించెను. రెంటికి నడుమనున్నదే ఎక్కువ మందికి నచ్చెను. మీటను నడిమి నుండి కొంచెము కుడికి త్రిప్పినచో విట్‌వెల్ యంత్రము కూడ ఆ నడిమి త్రోవను పట్టును: వరుస నిలిచియుండును, అప్పుడప్పుడు ఒక అంకె మారును. దీని గొప్పతనము యాదృచ్ఛికతలో లేదు. యాదృచ్ఛికతను జ్ఞాపకముతో పాళ్లు కలుపుటలో ఉన్నది.

లోపములు లేకపోలేదు. మీటను తెరచియుంచినచో చక్కని వరుస చెదరిపోవును. దానిని మరల పిలుచుటకు మార్గము లేదు. డోలు వాయించువాడు ఎంత దూరము పోయినను మొదటి వరుసకు రాగలడు. ఈ యంత్రము రాలేదు. పేరును విద్యార్థులను తప్పుదారి పట్టించును. 1936లో ఆలన్ ట్యూరింగ్ ఊహించిన గణనయంత్రమునకు అంతులేని పట్టీ కలదు. దానిపై ఇరువైపులకు కదలుచు చదువుటయు వ్రాయుటయు జరుగును. పదునారు గదులు ఒకే వైపునకు జరుగు ఈ పెట్టె అట్టిది కాదు.

ఇవి ఎట్లున్నను, దీని పటములను విట్‌వెల్ దాచలేదు. టంకము పట్టగలవారెవరైనను దీనిని స్వయముగా కూర్చుకొనవచ్చును. సింథసైజరు లేని పాఠశాలలో సయితము నాణెము, ఎనిమిది గళ్లు, ఒక డోలు ఉన్నచో సంభావ్యత పాఠము వినిపింపవచ్చును. విలువ 128కి తక్కువైన మెల్లగా, లేనిచో గట్టిగా కొట్టవలెను. నూరు దెబ్బలైన పిదప తరగతివారే చెప్పుదురు, ఇది సంగీతమో, గందరగోళమో.