రెండు బటన్ల దీవి

గేమ్‌బాయ్ తెర మీద అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు, నాలుగు ఛాయలే. తెర వెనక దీపం లేదు కాబట్టి పగలైతే కిటికీ పక్కన, రాత్రయితే ట్యూబ్‌లైట్ కింద కూర్చుని ఆడాలి. చేతికి అందేవి దిక్కులు మార్చే మీట, ఏ, బీ అనే రెండు బటన్లు, కింద చిన్నగా స్టార్ట్, సెలెక్ట్. 1989లో నింటెండో తెచ్చిన ఈ యంత్రం కోసం 1993 జూన్‌లో జపాన్‌లో విడుదలైన ఆట ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్’. నేను దాన్ని మొదట చూసింది కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేటలోని మా చిన్నాయన ఇంటి అరుగు మీద. బెంగళూరులో చదివే మా అన్న సెలవులకు వస్తూ తెచ్చాడు.

చిన్నాయన గనుల్లో వైండింగ్ ఇంజన్ డ్రైవర్. మనుషులున్న కేజ్‌ను వేల అడుగుల లోతుకు దించడం, పైకి లాగడం ఆయన పని. ఆ కేజ్ మాత్రం ఆయనకు కనబడదు. ఇంజన్ గదిలో ఆయనకు తెలిసేదల్లా డయల్ మీద కదిలే ముల్లు, షాఫ్టు నుంచి మోగే గంట. ఎన్నిసార్లు మోగిందన్నదాన్ని బట్టి అర్థం. ఆయన నా భుజం మీదుగా కాసేపు తెర చూసి, “రెండు బటన్లతోనే ఇదంతా నడుస్తుందేమిరా?” అన్నాడు. ఈ ఆట గురించి ఇన్నేళ్ళుగా చదివిన ఏ విమర్శా ఆ ప్రశ్నంత సూటిగా లేదు. ఆట గొప్పతనం ఆ రెండు బటన్ల దగ్గరే పుట్టింది. లోపాలూ అక్కడే పుట్టాయి.

ఆట తయారీ మొదలైన తీరే వేరు. ప్రోగ్రామర్ కజుఆకి మొరితా పనివేళలు ముగిశాక, గేమ్‌బాయ్ మీద జెల్డా ఆటల లాంటిది చేయగలమా అని తన ఇష్టం కొద్దీ ప్రయత్నించాడు. మరికొందరు వచ్చి చేరారు. తర్వాతే అది అసలు ప్రాజెక్టు అయింది. దర్శకుడు తకాషి తెజుకా. అప్పట్లో వచ్చిన అమెరికన్ టీవీ ధారావాహిక ‘ట్విన్ పీక్స్’లో లాగా, చిన్న ఊరు, అందులో కొంచెం అనుమానం కలిగించే మనుషులు ఉండాలన్నది ఆయన ఆలోచన.

ఇప్పుడు పనితనం లోపలికి దిగుదాం. తెర అడుగున 16 చుక్కల పట్టీ ప్రాణానికి గుర్తైన గుండెలకూ, డబ్బుకూ, చేతిలోని వస్తువులకూ పోతుంది. మిగిలిన భాగాన్ని 16 చుక్కల గళ్ళుగా విడదీస్తే అడ్డంగా 10, నిలువుగా 8, మొత్తం 80 గళ్ళు. ఇది ఒక గది. ఆట జరిగే కోహోలింట్ దీవి అంతా ఇలాంటి గదులే: 16 వరుసల్లో 16 చొప్పున 256. అంచు దాటితే తెర జరిగి పక్క గది వస్తుంది. దీవి, అందులోని ఎనిమిది నేలమాళిగలు, పాటలు, మాటలు, బొమ్మలు, అన్నీ కలిపి 512 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో పట్టాలి.

గదికి 80 గళ్ళని 80 బైట్లూ రాసుకుంటూ పోతే చోటు బోలెడు పోతుంది. అందుకే వాళ్ళు గదిని గళ్ళుగా రాయలేదు, కట్టే పద్ధతిని రాశారు. మొదట నేల ఎలాంటిదో, గోడల మూస ఏదో చెప్పే గుర్తు. తర్వాత ఒక్కో వస్తువుకు 2 బైట్లు: ఒకటి చోటు, ఒకటి పేరు. వరుసగా ఎనిమిది చెట్లుంటే ఎనిమిది సార్లు రాయరు. ఏ వైపుకు, ఎన్ని, ఎక్కడి నుంచి, ఏది అని 3 బైట్లలో ముగిస్తారు. గదిలో అడుగు పెట్టగానే యంత్రం ఆ చిట్టా చదివి గది కట్టేస్తుంది. మేస్త్రీకి “ఈ మూల నుంచి తూర్పుకు ఎనిమిది రాళ్ళు” అని చెప్పినట్టే. ఇది తెలిశాక ఆ దీవిలో ఏ పొదల వరుస చూసినా దాని వెనక మూడు అంకెలు కనబడతాయి నాకు.

రెండు బటన్ల సంగతికి వద్దాం. చాలా ఆటల్లో కత్తికి ఒక బటన్ శాశ్వతం. ఇక్కడ ఏదీ శాశ్వతం కాదు. కత్తి, డాలు, ఈక, బూట్లు, బాంబులు, విల్లు, కంకణం, ఏ రెండు కావాలంటే ఆ రెండు ఏ, బీలకు తగిలించుకోవాలి. ఈక తగిలిస్తే ఆట నాయకుడు లింక్ ఎగురుతాడు, బూట్లు తగిలిస్తే పరిగెత్తుతాడు. రెండూ కలిస్తే ఒక్క ఈకతో దాటలేని గుంట దాటేస్తాడు. బాంబు ఒక బటన్‌కు, విల్లు ఒక బటన్‌కు పెట్టి రెండూ ఒకేసారి నొక్కితే బాంబు కట్టిన బాణం దూసుకుపోతుంది! ఆ సంగతి ఆటలో ఎవరూ చెప్పరు. మనమే కనుక్కోవాలి. అందుకే ఒక్కో వస్తువు దొరికినప్పుడల్లా సంచిలో పెరిగేది అదొక్కటే, చేయగల పనులు మాత్రం అంతకు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

నేలమాళిగల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఏడోది, గద్ద గోపురం. మిగతావాటిలో తాళంచెవులు వెతుకుతాం. ఇక్కడ కట్టడమే తాళం. ఒక ఇనుప గుండు దొరుకుతుంది. అది ఎత్తుకుంటే కత్తి తిప్పలేం. దించి, శత్రువులను కొట్టి, మళ్ళీ ఎత్తుకోవాలి. ఎక్కడ దించామో గుర్తుండాలి. అలా మోసుకెళ్ళి నాలుగు స్తంభాలను కూలగొడితే పై అంతస్తు కింది అంతస్తు మీదకు దిగుతుంది. అంతవరకు అందని గదులు అందుతాయి. నిజానికి లోపల జరిగేది గదుల పటం మారడమే. కానీ నాలుగు స్తంభాల కోసం తిరిగి తిరిగి ఆ గోపురం మొత్తం మన బుర్రలో కట్టుకుని ఉంటాం కాబట్టి, కూలడం మనలోనే జరిగినట్టుంటుంది. చాంపియన్ రీఫ్ గని లోతుల్లో ఒత్తిడికి రాయి పగిలే రాక్ బర్స్ట్‌లు చిన్నాయనకు తెలుసు. నాలుగో స్తంభం పడి తెర అదిరినప్పుడు ఆయన ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు.

లోపాలు దాచకూడదు. రెండే బటన్లు కాబట్టి స్టార్ట్ నొక్కి సంచి తెరవడం, వస్తువు మార్చడం, మూయడం నిమిషానికోసారి తప్పదు. రాయి ఎత్తాలంటే కంకణం తగిలించాలి, పక్కనే గుంట దాటాలంటే అది తీసి ఈక తగిలించాలి. కంకణం లేకుండా రాయికి తగిలిన ప్రతిసారీ, ఇది చాలా బరువుగా ఉందనే సందేశం వచ్చి ఆట ఆగిపోతుంది. పదోసారి కూడా అదే మాట. ఇది యంత్రం పరిమితి కాదు, రాసినవాళ్ళ అజాగ్రత్త. గుర్రపు తల విగ్రహాలు రెండు విసిరి, రెండూ నిలబడేదాకా విసురుతూనే ఉండాల్సిన చిక్కు మరొకటి. అందులో ఆలోచన లేదు, అదృష్టం తప్ప. శత్రువులు ఒకే వరుసలో గుమిగూడితే బొమ్మలు మిణుకుమంటాయి. దీనికి మాత్రం కారణం యంత్రమే: ఒక అడ్డగీత మీద 10 బొమ్మముక్కలకు మించి అది చూపలేదు, మన లింకే రెండు ముక్కలు. గది మారే క్షణంలో సరిగ్గా సెలెక్ట్ నొక్కితే పక్క గదిలో ఎదుటి అంచున తేలే తప్పు కూడా మొదటి కార్ట్రిడ్జ్‌లో ఉంది. 1998లో వచ్చిన రంగుల డీఎక్స్ కూర్పులో దాన్ని సరిచేశారు.

ఊరి మనుషులను ఎంత శ్రద్ధగా చెక్కారో చెప్పకపోతే అన్యాయం. ఉల్రీరా అనే తాత ఎదురుగా వెళ్తే సిగ్గుతో మాట్లాడడు. దీవిలో అక్కడక్కడ ఉన్న టెలిఫోన్ గుడిసెల నుంచి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో ఓపిగ్గా చెబుతాడు. అంగట్లో దొంగతనం చేస్తే అప్పటి నుంచి అందరూ మనల్ని ‘దొంగ’ అనే పిలుస్తారు, ఆట చివరిదాకా. మాటలకున్న చోటు వరుసకు 16 అక్షరాలు, ఒకసారికి రెండు వరుసలు. అంతలోనే మారిన్ అనే అమ్మాయికి సముద్రం అవతల ఏముందో చూడాలన్న కోరిక పుట్టించారు.

ఎనిమిది వాద్యాలు సంపాదించి పర్వతం మీద గుడ్డులో నిద్రపోతున్న గాలి చేపను లేపడమే ఆట లక్ష్యం. అది లేస్తే దాని కలైన దీవి మాయమవుతుందని మధ్యలోనే ఒక గుడి గోడ మీద చదువుతాం. తెలిసీ ముందుకు వెళ్ళాలి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక నేను మళ్ళీ ఈ ఆట ఆడాను. ఊరు, మనుషులు కరిగిపోయే ఆ చివరి దృశ్యాలు ఈసారి చాలా నెమ్మదిగా కదిలినట్టనిపించాయి.

2019లో నింటెండో స్విచ్ యంత్రం కోసం మళ్ళీ కట్టిన కూర్పులో కత్తికీ డాలుకూ విడి బటన్లు ఇచ్చారు. కంకణం, బూట్లు ఇక మార్చనక్కర్లేదు. మొదటిసారి ఆడేవాళ్ళు దానితోనే మొదలుపెట్టండి, సుఖంగా ఉంటుంది. పనితనం చూడాలనుకుంటే మాత్రం 1993 నాటి బూడిదరంగు కార్ట్రిడ్జ్ వెతకండి. ఆట భద్రపరిచే నాణెం లాంటి బ్యాటరీ ఈపాటికి ఆరిపోయి ఉంటుంది. ముందు దాన్ని మార్పించుకోండి.