ఈ కడ్డీ దేనికి?

ఈ వారం పాతసామాన్లవాడి కాటా చూసి నాకు ఒళ్లు మండింది. దాని మీద మా మేస్త్రిగారి పనిముట్ల పెట్టె ఉంది.

మేస్త్రిగారు ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక, అంబాసిడర్లూ ఫియట్లూ తప్ప ఇంకో బండి ముట్టని మనిషి. మా 1972 మార్క్ టూ అంబాసిడర్ ఇవాళ్టికీ కదులుతోందంటే ఆయన చలవే. నిరుడు పోయారు. షెడ్డు ఖాళీ చేయాల్సొచ్చి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "బాబాయ్, నాన్న పెట్టె తూకానికి ఇచ్చేస్తున్నాం. మీకు పనికొచ్చేవేమన్నా ఉంటే వచ్చి చూసుకోండి."

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కొత్త కార్ల సర్వీసు సెంటర్లో పని చేస్తాడు. అక్కడ బండి రాగానే కంప్యూటర్ తగిలిస్తారు, లోపమెక్కడో అది చెబుతుంది. ఈ ఇనప ముక్కలు వాడికేం చెబుతాయి?

పెట్టె కాటా మీంచి దింపించి, గోనెపట్టా పరిచి, ఒక్కొక్కటీ తీసి పేర్చాను.

ముందు చేతికొచ్చింది అంబాసిడర్ గేర్‌బాక్సు షాఫ్టు ముక్క. పళ్లు అరిగిన పాతదాన్ని గేరు వెనక నరికేసి, అడ్డంగా ఒక పిడి వెల్డింగ్ చేశారు. క్లచ్ ప్లేటు మార్చినప్పుడు అది సరిగ్గా నడిమధ్యన కూర్చోకపోతే గేర్‌బాక్సు ఎక్కదు. ఇద్దరు కింద పడుకుని భుజాలతో తోసినా ఎక్కదు. ఈ ముక్క ముందు దూర్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులు బిగించి, పిడి పట్టి లాగేస్తే ప్లేటు ఉండాల్సిన చోటే ఉంటుంది. చివరికి అక్కడ కూర్చోబోయేది కూడా ఇలాంటి షాఫ్టే కాబట్టి, ఇంతకన్నా నమ్మకమైన కొలత లేదు.

తర్వాత ఒక జి క్లాంపు. వాల్వు స్ప్రింగు అణచడానికి. ఒక కొసకి పైపు ముక్క అతికించి, ఆ పైపు పక్కన కిటికీ కోశారు. స్ప్రింగు అణిగాక వాల్వు లాకులు అందులోంచి వేలితో తీసుకోవాలి. ఆ కిటికీ అంచులు నాలుగు వైపులా ఆకురాయితో గుండ్రంగా రుద్ది ఉన్నాయి. వేలు తెగకూడదని. నేను చాలాసేపు ఆ అంచు మీద బొటనవేలు పెట్టి తిప్పుతూ కూర్చున్నాను. ఎక్కడా గరుకు తగల్లేదు.

ఒక 12 వోల్టుల బల్బు, దానికి రెండు వైర్లు, కొసల్లో క్లిప్పులు. టైమింగు పెట్టడానికి. ఒక క్లిప్పు డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల వైరుకి, ఇంకోటి బాడీకి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ బల్బు వెలగదు, విడివడిన క్షణంలో వెలుగుతుంది. ఆ క్షణం దగ్గర డిస్ట్రిబ్యూటర్ బిగిస్తే సరి. హాక్సా బ్లేడు ముక్క కూడా ఉంది, పళ్లు సానరాయి మీద అరగదీసి. దాని మందం 25 థౌ, అంటే ఇంచిలో వెయ్యో వంతులు పాతిక. ప్లగ్గు గ్యాపు పెట్టాల్సిందీ అంతే. ఫీలర్ గేజి పోతే కొనాలి, హాక్సా బ్లేడు విరగని షెడ్డు మాత్రం ఉండదు.

చేత్తో చేసుకున్న పనిముట్టు మీద నా పక్షపాతం మీకు తెలిసిందే. అంబాసిడర్‌ని ఉత్తరపరాలో తయారుచేసినా దాని మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌ది. వాళ్ల వర్క్‌షాప్ పుస్తకం తెరిస్తే ప్రతి పేజీలోనూ ఒక ఆజ్ఞ ఉంటుంది. ఇది విప్పాలంటే ఫలానా 18జి నంబరు పనిముట్టు వాడండి, అది ఎక్కించాలంటే ఇంకో 18జి నంబరు వాడండి అని. బ్రిటన్‌లో చర్చిల్ లాంటి కంపెనీలు ఇలాంటివే పనిగా చేసేవి. ఆటోనగర్‌లో నేనెన్నడూ ఒక్కటీ చూడలేదు. పుస్తకంలో బొమ్మ చూసో, అదీ లేకపోతే పని చూసో, మనవాళ్లు పాత హాఫ్ షాఫ్టుల్లోంచీ స్ప్రింగు పట్టీల్లోంచీ తమవి తాము చేసుకున్నారు. ఆ షెడ్లలో మనిషి తెలివి అంచనా వేయాలంటే కొన్న పానాల సెట్టు కాదు, పెట్టె అడుగున పడుండే ముక్కలు చూడాలని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను.

కొన్న పానాలకి వాటి గొడవ వాటికుంది. అంబాసిడర్ నట్లు ఎక్కువగా ఇంచీలవి, ఫియట్‌వి మిల్లీమీటర్లవి. సగం ఇంచి నట్టు 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పట్టేస్తుంది, ఆ పట్టేయడమే ప్రమాదం. గట్టిగా బిగుసుకున్న నట్టు మీద ఆ మూడు పాయింట్ల తేడా చాలు, మూలలు గుండ్రమైపోతాయి. అంతకు ముందు కాలపు ఇంగ్లీషు బండ్లకి విట్‌వర్త్ పానాలు. వాటి మీద ఉండే అంకె నట్టు వెడల్పుది కాదు, బోల్టు మందానిది. పావు ఇంచి అని రాసి ఉన్న పానా నోరు 13.3 మిల్లీమీటర్లుంటుంది. ఇక పాత మోరిస్, ఎంజీ ఇంజన్లది ఇంకో విడ్డూరం. 1923లో మోరిస్ కొన్న కోవెంట్రీ ఫ్యాక్టరీ అంతకు ముందు హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీది. యంత్రాలు వాళ్లవి కాబట్టి మర ఫ్రెంచి మెట్రిక్, పానా పట్టే తల మాత్రం విట్‌వర్త్. ఇలాంటి ఇంజను విప్పేవాడు కొలతపట్టీని నమ్మలేడు, పానా మీది అంకెనీ నమ్మలేడు. ప్రతి బోల్టునీ వేళ్లతో రెండు చుట్లు తిప్పి, సాఫీగా వెళ్తేనే పానా అందుకోవాలి.

పెట్టెలో ఒక చిన్న ఉక్కు ముక్క కూడా ఉంది. చిటికెన వేలంత మందం, ఒక తల సుత్తి దెబ్బలకి పుట్టగొడుగులా విచ్చుకుని. అది చేతిలోకి రాగానే ఒక వానాకాలం మధ్యాహ్నం మొత్తం వచ్చి ఎదురుగా కూర్చుంది.

మా బండి గేర్‌బాక్సు దించి ఉంది. క్లచ్ తొక్కితే గలగలమంటోందని తెస్తే, క్రాంకు చివర బుష్ అరిగిపోయిందని తేలింది. ఈ బుష్ క్రాంకు షాఫ్టు వెనక కొసలో గుంటలో కూర్చుని ఉంటుంది. గేర్‌బాక్సు షాఫ్టు ముక్కు అందులో తిరుగుతుంది. గుంటకి వెనకవైపు దారి లేదు. బుష్ అంచు క్రాంకు అంచుతో సమంగా ఉంటుంది, పట్టుకుని లాగుదామంటే గోరు కూడా దూరదు. పక్క షెడ్డు కుర్రాడు ఉలితో చీల్చేద్దామన్నాడు. ఉలి జారితే క్రాంకుకి గీత పడుతుంది. సుత్తి ఆఖరి పనిముట్టు అని నేను పాడే పాత పాట అప్పుడూ అందుకున్నాను.

మేస్త్రిగారు "ఆగండ్రా" అని గ్రీజు డబ్బా తెచ్చారు. చూపుడు వేలితో బుష్ రంధ్రంలోకి గ్రీజు కూరడం మొదలుపెట్టారు. కూరుతూనే ఉన్నారు. పుల్లతో పొడుస్తూ, మళ్లీ కూరుతూ. నిండి పైకి పొంగాక ఈ ఉక్కు ముక్క మూతిలో పెట్టి, చుట్టూ గుడ్డ కప్పి, సుత్తితో ఒక్కటి వేశారు. ముక్క లోపలికి దిగింది, ఇంకేం కాలేదు. బయటికి లాగి మళ్లీ గ్రీజు నింపారు. మళ్లీ కొట్టారు. ఈసారి ముక్క దిగలేదు, సుత్తి చప్పుడు మారింది. ఇంకో దెబ్బకి బుష్ అంచు క్రాంకు అంచు దాటి వెంట్రుకవాసి ముందుకొచ్చింది.

"చూశావా? మనం లోపలికి కొడుతున్నాం, అది బయటికొస్తోంది."

పోయే దారి లేని గ్రీజు వెనక గోడని తన్ని, బుష్ వీపు మీద పడి తోస్తోంది. ఇది పాస్కల్ సూత్రమండీ, మేం కాలేజీలో చదువుకున్నాం అన్నాను ఉత్సాహంగా. "సూత్రం ఎవరిదైనా కానీ, గ్రీజులో గాలి ఉంటే పని జరగదు" అన్నారాయన. అందుకే అంతసేపు పుల్లతో పొడిచింది. గాలి నలుగుతుంది, గ్రీజు నలగదు. ముక్క కొలత కూడా అలాగే. వదులుగా ఉంటే గ్రీజు పక్కల్లోంచి మొహం మీదికి చిమ్ముతుంది. ఆయన కొత్త బుష్ జేబులో వేసుకుని లేత్ మిషన్ దగ్గరికి వెళ్లి, పాత హాఫ్ షాఫ్టు ముక్క ఇచ్చి, బొటనవేలితో నొక్కితే దిగాలి, ఊపితే ఆడకూడదు అని టర్నర్ పక్కనే నిలబడి చేయించుకున్నారట. ఆ సాయంత్రం బుష్ చేతిలో పడింది, క్రాంకుకి గీత లేదు. సుత్తి గురించిన నా పాటకి ఆయన అప్పుడొక చరణం కలిపారు. సుత్తి దెబ్బ చెడ్డది కాదు, దెబ్బకీ వస్తువుకీ మధ్య ఏముందో చూసుకోవాలని.

ఇంతవరకూ నాకు తెలిసిన ముక్కలు. గోనెపట్టా మీద చివరికి ఒకటి మిగిలింది.

జానెడు ఇనప కడ్డీ. ఒక కొస కాల్చి, చదును చేసి, పక్కకి వంచారు. వంపు లోపలి అంచున ఆకురాయితో పెట్టిన మూడు గాట్లు, మధ్యది కొంచెం లోతు. రెండో కొసకి పాత సాకెట్ సగం కోసి వెల్డింగ్ చేశారు. కడ్డీ అంతా నల్లగా ఉంది, వంపు లోపల మాత్రం అద్దంలా మెరుస్తోంది. అంటే బాగా వాడిన వస్తువు. గాట్ల మధ్య దూరం ఊరికే పెట్టింది కాదు, దేన్నో కొలిచి పెట్టింది. పక్క షెడ్లవాళ్లని పిలిచాను. ఫియట్ హ్యాండ్ బ్రేక్ దగ్గర వాడేదేమో అన్నారొకరు. స్టీరింగ్ గేరు లివర్ దగ్గరిదేమో అన్నారింకొకరు. రెండు చోట్లా పెట్టి చూశాం, రెండింటికీ పట్టలేదు. "నాన్న చేతిలో చాలాసార్లు చూశాను బాబాయ్. దేనికో అడగలేదు" అన్నాడు అబ్బాయి.

ఆ కడ్డీ పట్టుకుని కూర్చుంటే, నేను ఇన్నాళ్లూ చులకన చేసిన ఆ 18జి నంబర్లు గుర్తొచ్చాయి. ఆ నంబరు చెక్కిన పనిముట్టు ఏ ఊళ్లో, ఎవరి చేతిలో పడనీ, పుస్తకం తీస్తే అది ఏ బండిలో, ఏ భాగానికి, ఎటు తిప్పి పట్టాలో దొరుకుతుంది. దాన్ని గీసిన ఇంజనీరు పోయినా పనిముట్టు పనిముట్టుగానే ఉంటుంది. కిటికీ అంచులు వేలికి గుచ్చుకోకుండా రుద్దిన మా మేస్త్రిగారి క్లాంపు, పనితనంలో వాటికి ఒక మెట్టు పైనే. కానీ చేసినవాడు పక్కనే ఉన్నంతకాలం దానికి పేరు అక్కర్లేకపోయింది. పక్కన లేని రోజున అది కిలోల లెక్కన ఇనుమైంది. చేతికి ఎంత బాగా ఒదిగితే అంత తక్కువ మాటలతో సరిపోతుంది ఆ పనిముట్టుకి. దాని అపాయమూ అక్కడే ఉంది.

పైన చెప్పిన విట్‌వర్త్ సంగతే చూడండి. జోసెఫ్ విట్‌వర్త్ కాలానికి ముందు ఇంగ్లండులో ప్రతి వర్క్‌షాపూ తన మర తనే కోసుకునేది. ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకి ఎక్కేది కాదు. అతను దేశంలోని వర్క్‌షాపుల నుంచి మరల నమూనాలు పోగుచేయించి, వాటి సగటు కట్టి, 55 డిగ్రీల కోణంతో 1841లో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. ఆకాశంలోంచి తెచ్చింది కాదది. వందలమంది పనివాళ్ల చేతుల్లో అప్పటికే ఉన్నదాన్ని అడిగి, కొలిచి, కాగితం మీద పెట్టాడు. ప్రమాణాలంటే పనివాడి స్వేచ్ఛకి సంకెళ్లనే నా పాత వాదన ఈ వారం నా ముందు నిలబడలేదు.

మనకిప్పుడు బండ్లకైతే కాగితం వచ్చింది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ బండ్లకి నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి 20,000 రూపాయలు కడితే నంబరులో వీఏ అక్షరాలతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు. మంచిదే. చౌమహల్లాలో ఆరో నిజాం కోసం చేయించిన పసుపు రోల్స్‌రాయిస్‌ని చూడ్డానికి జనం టికెట్టు కొనుక్కుని వెళ్తారు, అదీ మంచిదే. ఆ బండ్లని కదిలించే పనిముట్లకి మాత్రం ఎక్కడా ఒక చిట్టా లేదు. వర్క్‌షాప్ పుస్తకాలు పాత పుస్తకాల కొట్లో ఇప్పటికీ దొరుకుతాయి. మన షెడ్లలో పుట్టిన పనిముట్ల పుస్తకం ఎవరూ రాయలేదు, వాటిని చేసినవాళ్లేమో ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అబ్బాయి డబ్బు తీసుకోలేదు. ఆదివారం వస్తానన్నాడు, ఇద్దరం కూర్చుని తెలిసినవాటి మీద ఏది దేనికో రాయడానికి.

మీ ఊళ్లో పాత బండ్ల మేస్త్రి ఎవరైనా ఉంటే మీరూ ఈ పని చేయండి. హార్డ్‌వేర్ కొట్లో అక్షరాల పంచ్ సెట్టు దొరుకుతుంది. మెత్తని ఇనుము మీద నేరుగా కొట్టొచ్చు. షాఫ్టులాంటి గట్టి ఉక్కు మీద వద్దు. అక్షరం పడదు సరికదా పంచ్ ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు. అలాంటివాటికి అల్యూమినియం రేకు మీద రాసి తీగతో కట్టండి. ఏ బండి, ఏ భాగం, ఏ కొస ముందు పెట్టాలి, ఈ మూడూ తప్పనిసరి. చేసినవారి పేరు కూడా వేయండి. మేస్త్రి ఒప్పుకుంటే ఆయన పని చేస్తుండగా ఫోన్లో వీడియో తీయండి, మొహం కన్నా చేతులు బాగా కనబడేలా. అడిగితే విసుక్కుంటారేమోనని జంకకండి. నేను చూసినంతలో, ఇది దేనికండీ అని అడిగితే చెప్పనన్న మేస్త్రి ఒక్కరూ లేరు.