పొద్దున పులుపు, మధ్యాహ్నం చప్పన

రణపాల ఆకు రుచి వేళను బట్టి మారుతుంది. తెల్లవారుజామున తుంచి నాలుకకు తగిలిస్తే చింతచిగురులా పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి చప్పబడుతుంది, పొద్దువాలేసరికి కాస్త చేదెక్కుతుంది. (నమిలి మింగకండి, ఉమ్మేయండి. మోతాదు మించితే గుండెకు హాని చేసే పదార్థాలు అందులో ఉన్నాయి.) ఈ రుచి మార్పు సంగతిని లోకానికి రాసి చెప్పినవాడు బెంజమిన్ హైన్. ఈస్టిండియా కంపెనీ కొలువులో మన సామర్లకోట తోట బాధ్యత చూసిన వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన ఉత్తరం 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ సంపుటిలో అచ్చయింది. పరికరం ఏముందీ, నాలుకే.

రణపాల పుట్టిల్లు మడగాస్కర్. అచ్చమైన ఎడారి మొక్క అనలేం గానీ, కాక్టస్‌లకూ కలబందకూ ఉన్న ఒడుపే దీనికీ ఉంది. మామూలు చెట్టు పగలు ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. తెరిచినంతసేపూ నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. ఎడారి ఎండలో ఆ బేరం గిట్టదు. అందుకని ఇవి చల్లబడ్డాక, రాత్రిపూట తెరుస్తాయి. పీల్చుకున్నదాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులోనో కాండంలోనో దాచుకుంటాయి. తెల్లారగానే రంధ్రాలు మూసేసి, దాచిన ఆమ్లాన్ని విడగొట్టి, వెలుతురుతో చక్కెర తయారు చేసుకుంటాయి. హైన్ నాలుకకు తగిలిన పులుపు ఆ రాత్రి సంపాదన. మనం తినే అనాసదీ ఇదే పద్ధతి.

మరీ కరువొస్తే కొన్ని రాత్రిపూట కూడా తెరవవు. తమ శ్వాసలో వెలువడిన వాయువునే లోపల మళ్లీ మళ్లీ వాడుకుంటూ, పెరగకుండా, చావకుండా ఉండిపోతాయి. బయటికి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.

అయితే రాత్రి దాచుకోవడానికి ఉన్న చోటు కొంతే. అందుకే ఎదుగుదల నత్తనడకే. అమెరికాలోని సొనోరా ఎడారిలో సగ్వారో కాక్టస్‌కు మొదటి కొమ్మ రావడానికి సాధారణంగా 50 ఏళ్లు దాటుతుంది. దాని వేర్లు చాలావరకు లోతుకు పోవు. జానెడు లోపలే నాలుగు దిక్కులా పరుచుకుని, వాన పడగానే దొరికింది దొరికినట్టు తాగేస్తాయి. కాండం మీది మడతలు విచ్చుకుని ఆ నీటికి చోటిస్తాయి. అదే ఎడారిలో, మన సర్కారు తుమ్మకు దాయాదులైన మెస్కీట్ చెట్లు పాతాళం దాకా వేర్లు దింపుతాయి. నాకు సగ్వారో పద్ధతే నచ్చుతుంది, కానీ కుండీలో దాన్ని చంపడం చాలా తేలిక.

ఎందుకంటే తాగడం తెలిసిన ఆ వేర్లు తడిలో నానడానికి పుట్టలేదు. వాటికి గాలి కావాలి. మేడమీద జెముడు జాతులు పెంచేవాళ్లంతా మే నెల గురించి దిగులు పడతారు. నేను చూసినంతలో చావులన్నీ జులై, ఆగస్టుల్లోనే. మొదలు మెత్తబడి, ఒకవైపు ఒరిగి, పట్టుకుంటే చేతికే ఊడొస్తుంది. అందుకే మట్టిలో సగానికి పైగా ముతక ఇసుకా గులకరాళ్లూ కలుపుతాను, కుండీ అడుగున చిల్లు పెద్దది చేయిస్తాను. ముసురు పట్టగానే కుండీలన్నీ సజ్జ కిందికి లాగుతుంటే పక్కింటావిడ నవ్వుతుంది. ఎండాకాలమంతా నడినెత్తిన ఎండలో వదిలేసి, ఇప్పుడు వానకు తడుస్తాయని దాస్తున్నావా అంటుంది. అవునంటాను.